వారాంతానికి ఒక ఎగ్జాటిక్ (అరుదైన, ఖరీదైన స్పోర్ట్స్ కారు): జాబితా నుంచి మొదటి సర్వీసు దాకా ఒక కేసు

కారు ఎంచుకోవడంలో సలహాకి మా దగ్గరికొచ్చిన వ్యక్తి చెప్పిన అవసరం చిన్నదే. శని, ఆదివారాల్లో ట్రాఫిక్ పెరగకముందే బయల్దేరి నూటయాభై కిలోమీటర్లు తిరిగి రావాలి. అందులో సగం మలుపుల రోడ్డు. ట్రాక్‌కి తీసుకెళ్లే ఉద్దేశం లేదు, రోజువారీ వాడకానికి వేరే కారు ఉంది. మనిషి ఎత్తు 185 సెం.మీ. పక్కన భార్య కూర్చుంటారు, రెండు మెత్తటి బ్యాగులు పట్టాలి. గ్యారేజీ ముందు ర్యాంపు ఉంది. సెకండ్ హ్యాండ్ కారుకి అభ్యంతరం లేదు.

దాంతోపాటు ఆయన ఇచ్చిన జాబితాలో నాలుగు కార్లున్నాయి: మెక్‌లారెన్ ఎంపీ4-12సీ, లాంబోర్గినీ గల్లార్డో, ఫెరారీ ఎఫ్430, పోర్షే 911 జీటీ3 (997 తరం). రాసిన వరస హార్స్‌పవర్ వరస. 600 నుంచి మొదలై 415 దగ్గర ఆగింది. జాబితా తప్పు కాదు గానీ ఆ వరసకీ ఆయన అడిగిన పనికీ సంబంధం లేదు. ఇంకో రెండు పేర్లు మేం చేర్చాం: ఆడీ ఆర్8 వీ8 మాన్యువల్, లోటస్ ఎవోరా ఎస్. ఫెరారీ 458 ఇటాలియా బడ్జెట్ దాటడంతో మొదట్లోనే పక్కకి పోయింది. బడ్జెట్ సరిపోయినా అందులో మాన్యువల్ గేర్‌బాక్స్ అసలు రాలేదు, ఈయనకి ఎక్కువ ఇష్టం అదే.

ముందు గేర్ల లెక్క

పవర్ గురించి వాదించే బదులు ఒక లెక్క వేసి చూపిస్తే సగం గొడవ తీరుతుంది. వెనక టైరు 295/30 ఆర్19 అనుకుందాం. 19 అంగుళాల రిమ్ము అంటే 482.6 మి.మీ. టైరు పక్కగోడ 295లో 30 శాతం, అంటే 88.5 మి.మీ., పైనా కిందా కలిపి 177. మొత్తం వ్యాసం సుమారు 660 మి.మీ., చుట్టుకొలత 2.07 మీటర్లు. రెండో గేరు నిష్పత్తిని ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత చక్రాలకి ముందుండే ఆఖరి గేరు) నిష్పత్తితో గుణిస్తే 8 వచ్చిందనుకోండి. ఇంజిన్ 8,000 ఆర్‌పీఎం దగ్గర చక్రం నిమిషానికి 1,000 చుట్లు తిరుగుతుంది. 1,000ని 2.07తోనూ 60తోనూ గుణించి మీటర్లని కిలోమీటర్లు చేస్తే గంటకి 124.

అంటే రెండో గేరులో రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగలిగే గరిష్ఠ ఆర్‌పీఎం) తాకేసరికే చాలా రోడ్ల వేగపరిమితి దాటిపోయింది. మూడో గేరు చివర ఏముందో పబ్లిక్ రోడ్డు మీద తెలుసుకునే దారే లేదు. కాబట్టి వారాంతపు కారులో డబ్బు పెట్టేది 3,000 నుంచి 6,000 ఆర్‌పీఎం మధ్య ఇంజిన్ ఎలా పలుకుతుంది, యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం కదిపితే ఎంత త్వరగా స్పందిస్తుంది, గంటకి 60 వేగంలో స్టీరింగ్ చేతికి ఏం చెబుతుంది, గేరు మార్చడంలో చేతికి పని ఉందా అన్నవాటి మీద. టెస్ట్ డ్రైవ్ కూడా అలాగే పెట్టాం: ప్రతి కారూ అదే రోడ్డులో, గంటకి 90 మించకుండా. ఖాళీ హైవే మీద ఒక్కసారి గట్టిగా తొక్కి చూసి నిర్ణయం తీసుకునేవాళ్లు ఏడాది తిరక్కుండానే కారు అమ్మకానికి పెడతారు.

టేపు, బూట్లు, ర్యాంపు

డ్రైవ్‌కి ముందు కార్లు ఆగి ఉండగానే జరగాల్సిన పరీక్ష ఇంకోటి ఉంది. దీన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. డ్రైవింగ్‌కి వేసుకునే బూట్లతోనే రావాలి. సీటు వెన్ను నిటారుగా పెట్టుకుని క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు స్టీరింగ్‌కి తగులుతోందా, తల రూఫ్‌కి ఎన్ని వేళ్ల దూరంలో ఉంది, పెడల్స్ సీటుకి సూటిగా ఉన్నాయా లేక లోపలికి జరిగి ఉన్నాయా చూడాలి. అలా ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చుంటే నడుము తన సంగతి చెప్పేస్తుంది. గల్లార్డో ఇక్కడే ఆగిపోయింది. పొడుగు మనుషులకి ఆ క్యాబిన్ ఇరుకు, ఈయన తల వంచి కూర్చోవాల్సి వచ్చింది. వీ10 శబ్దం ఎంత నచ్చినా సీటు పట్టని కారు గురించి ఇంక మాట్లాడేదేమీ లేదు.

ర్యాంపుకి ఇంకో కొలత. ముందు బంపర్ కింది అంచు నేల నుంచి 11 సెం.మీ. ఎత్తులో ఉండి, ఆ అంచు నుంచి ముందు టైరు నేలని తాకే చోటుకి 90 సెం.మీ. ఉంటే, కారు ఎక్కగలిగే వాలు సుమారు ఏడు డిగ్రీలు. అంటే ఎనిమిది అడుగులకి ఒక అడుగు లేచే ర్యాంపు దగ్గరే అంచు గీసుకోవడం మొదలవుతుంది. ఈయన ర్యాంపు అంతకంటే కొంచెం తక్కువ వాలే. ఏటవాలుగా, ఒక చక్రం ముందు, ఒక చక్రం తర్వాత ఎక్కిస్తే ఆరింటిలో ఏ కారైనా వెళ్తుంది. వాలు ఇంకా ఎక్కువుంటే ముందు భాగాన్ని పైకి లేపే లిఫ్ట్ ఉన్న కార్లనే వెతకాలి. తర్వాత బిగించుకోవచ్చులే అనుకుంటే బోలెడంత ఖర్చు. గ్యారేజీ వెడల్పు కూడా కొలవాలి, ముఖ్యంగా తలుపు పైకి లేచే మెక్‌లారెన్‌కి. ఆ తలుపు పైకే కాదు, పక్కకీ చోటు అడుగుతుంది.

ఒక్కో కారు ఎందుకు నిలిచింది, ఎందుకు పోయింది

12సీ గురించి న్యాయంగా చెప్పాలంటే, ఆరింటిలో గతుకుల మీద అన్నిటికంటే హాయిగా పోయేది అదే. కార్బన్ ఫైబర్‌తో చేసిన క్యాబిన్ చట్రం, మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే మామూలు యాంటీ రోల్ బార్లకి బదులు డ్యాంపర్లని (షాక్ అబ్జార్బర్లని) హైడ్రాలిక్ గొట్టాలతో కలిపిన సస్పెన్షన్, 3.8 లీటర్ల ట్విన్ టర్బో వీ8, 600 న్యూటన్ మీటర్ల టార్క్. సమస్య కూడా అక్కడే. టర్బోలు అందుకున్న మరుక్షణం కారు వేగపరిమితి అవతల ఉంటుంది, అందుకునే ముందు పెద్దగా మాట్లాడదు. గంటకి 70, 80 మధ్య దానికి నిద్ర. ఆ సస్పెన్షన్ ఒత్తిడిని నిలబెట్టే నైట్రోజన్ అక్యుములేటర్లు వయసు మీద పడి బలహీనపడతాయి. వారంటీ లేకుండా ఈ కారు కొనమని ఎవరికీ చెప్పం.

ఎఫ్430 దగ్గర ఎక్కువసేపు ఆగాం. 4.3 లీటర్ల వీ8, 8,500 ఆర్‌పీఎం దగ్గర 490 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్). ముందు తరం 360 మోడెనాలో ఉన్న టైమింగ్ బెల్ట్ బాధ ఇందులో లేదు, చైన్ వచ్చింది. కొన్నేళ్లకోసారి తప్పనిసరిగా పడే బెల్ట్ ఖర్చు అలా పోయింది. దొరికినవన్నీ ఎఫ్1 గేర్‌బాక్స్‌వి: మాన్యువల్ గేర్‌బాక్స్‌కే హైడ్రాలిక్ పంపు తగిలించి, స్టీరింగ్ వెనక ప్యాడిల్స్‌తో మార్చే ఒకే క్లచ్ ఏర్పాటు. మాన్యువల్ ఎఫ్430లు తక్కువ, ధర వేరే లోకంలో ఉంటుంది. ఎఫ్1 వేగంగా నడిపితే సరదాగానే ఉంటుంది. ర్యాంపు మీద రివర్స్ చేసేటప్పుడు, ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరిగేటప్పుడు మాత్రం క్లచ్ అరుగుతుంది. ఎంత మిగిలిందో డయాగ్నస్టిక్ టూల్ శాతంలో చూపిస్తుంది, ఆ రీడింగ్ ప్రింట్ లేకుండా ఎఫ్1 కారుకి బేరం మొదలుపెట్టకూడదు.

ఎఫ్430కి ఇంకో పాత జబ్బు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. వేడికి ఫ్యాక్టరీ మానిఫోల్డ్ పగుళ్లిస్తుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని చప్పుడొచ్చి, వేడెక్కాక లోహం వ్యాకోచించి ఆ చప్పుడు తగ్గిపోతే అనుమానించాలి. అందుకే అమ్మేవాళ్లు ముందే ఇంజిన్ వేడి చేసి ఉంచితే ఇంకో రోజు వస్తామని వెనక్కి రావడమే మంచిది. పగిలిన లోపలి ముక్కలు వెనక్కి సిలిండర్‌లోకి చేరితే ఖర్చు మానిఫోల్డ్‌తో ఆగదు. లోపల బటన్ల మీది మెత్తటి పూత కరిగి వేళ్లకి అంటుకోవడం చిన్న చిరాకు. అది చూసి కారు వదులుకోనక్కర్లేదు.

997 జీటీ3ని ఆయన నడిపి రాగానే భార్యని ఎక్కించుకున్నారు. ఆమె పక్కసీట్లో ఒక రౌండు వేసొచ్చి వద్దన్నారు. బిగుసుకున్న సస్పెన్షన్ అంత కఠినం. డ్రై సంప్ (ఆయిల్‌ని వేరే ట్యాంకులో ఉంచే ఏర్పాటు) ఉన్న ఆ ఇంజిన్, పోర్షే ఇంజినీరు మెజ్గర్ పేరుతో పిలిచేది, గట్టిదే. దానికి గ్లూతో అతికించిన కూలెంట్ పైపు జాయింట్లు ఊడకుండా వెల్డింగో పిన్నులో వేయించారా అని అడగాలి. ఇంజిన్ కంప్యూటర్ నుంచి ఓవర్‌రెవ్ (ఇంజిన్ పరిమితి దాటి తిరిగిన సందర్భాల) రిపోర్టు కూడా తీయాలి. ఆరు రేంజ్‌లలో చివరి మూడింటిలో అంకెలుంటే ఎవరో పొరపాటున కింది గేరు వేసి ఇంజిన్‌ని బలవంతంగా తిప్పించారన్నమాట. అది ఎన్ని గంటల క్రితం జరిగిందో కూడా అందులోనే ఉంటుంది.

ఎవోరా ఎస్ స్టీరింగ్ మిగతా అయిదిటికీ పాఠం చెప్పేంత బావుంది. టయోటా వీ6 కావడంతో ఇంజిన్ గురించి బెంగ లేదు, సూపర్‌చార్జర్‌తో 350 పీఎస్. స్టీరింగే మొదటి కోరిక అయ్యుంటే కేసు ఇక్కడితో ముగిసేది. ఈయనకి ఇంజిన్ పాడాలి, గేరు లివర్ గేటులో (లివర్ కదిలే గాడులున్న పలకలో) టకటకలాడాలి. ఎవోరాలో ఆ రెండూ సాదాగా ఉంటాయి.

మిగిలింది ఆర్8. 4.2 లీటర్ల వీ8, 7,800 దగ్గర 420 పీఎస్, 8,250 దాకా తిరుగుతుంది. లోహపు గేటు పైకి కనిపించే ఆరు గేర్ల మాన్యువల్. అన్ని వైపులా బయట కనిపిస్తుంది, సీటు వెనక, ముందు డిక్కీలో కలిపి ఆయన చెప్పిన సామానుకి చోటుంది. జాబితాలో బలహీనమైన ఇంజిన్లలో ఇదొకటి. గంటకి 60 నుంచి 100 మధ్య మిగతావాటికంటే ఎక్కువ పని చెప్పేదీ ఇదే. అదే కారు ఆర్ ట్రానిక్ గేర్‌బాక్స్‌తో అయితే మా సిఫార్సు ఉండదు. ఒకే క్లచ్ ఆటోమేటెడ్ పెట్టె, తక్కువ వేగంలో ప్రతి గేరుకీ తల ఊపిస్తుంది.

రెండు ఆర్8లు, రెండు రకాల నిజాలు

మొదటిది 21,000 కి.మీ. తిరిగింది, పెయింట్ అద్దంలా ఉంది. రెండోది 58,000, బంపర్ నిండా రాళ్ల దెబ్బలు. ఆయన మనసు మొదటి దాని మీదే.

పెయింట్ మందం చూసే మీటరు గురించి ఒక మాట. ఈ కారు బాడీ అల్యూమినియం, అయస్కాంతం సూత్రం మీద మాత్రమే పనిచేసే చవక మీటరు దీని మీద ఏమీ చెప్పదు. అల్యూమినియం కూడా చదివే మీటరు కావాలి. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 90 నుంచి 150 మైక్రాన్లు. మొదటి కారు కుడి ముందు ఫెండర్ మీద అంకె దీనికి రెట్టింపు దాటింది. అమ్మేవాళ్లు చిన్న గీతకి పెయింట్ వేయించామన్నారు. కావచ్చు. అందుకే ముందు డిక్కీ లోపలి ప్లాస్టిక్ కవర్లు విప్పించాం. ఈ తరం ఆర్8లో సస్పెన్షన్ పైభాగం బిగించే చోట అల్యూమినియం ఫ్రేమ్ కాస్టింగ్ పగలడం తెలిసిన జబ్బు. గట్టి గుంతో, చిన్న యాక్సిడెంటో చాలు. టార్చి ఏటవాలుగా వేసి, కాస్టింగ్ మూలలో దుమ్ము గుడ్డతో తుడిస్తే వెంట్రుకంత నల్లటి గీత కనిపించింది. గోరు పెట్టి లాగితే గోరు ఆగింది. పెయింట్ మీది గీత అయితే గోరు జారిపోవాలి. ఫ్రేమ్ పగులుకి మరమ్మతు మహా కష్టం, బీమా కంపెనీలు కారునే లెక్కలోంచి తీసేసిన సందర్భాలున్నాయి. ఆ కారు పరీక్ష అక్కడితో ఆపేశాం. మిగతా సంగతులకి డబ్బు తగలెయ్యడం అనవసరం.

రెండో కారులో అదే చోటు శుభ్రంగా ఉంది. తర్వాత వరసగా చేసినవి ఇవి.

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండగా స్టార్ట్. రెండు నిమిషాల్లో చప్పుళ్లు సర్దుకున్నాయి, ఎగ్జాస్ట్‌లో నీలం పొగ లేదు. క్లచ్ పరీక్షకి నాలుగో గేరులో 2,000 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కాలి. వేగం పెరగకుండా ముల్లు ఒక్కసారిగా పైకి దూకితే క్లచ్ జారుతోందన్నమాట. ఇక్కడ దూకలేదు. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కొంచెం మొరాయించింది, ఆయిల్ వేడెక్కాక మెత్తబడింది. అది మామూలే. గరగరమంటే సింక్రో (గేర్ల వేగాలని కలిపే రింగు) అరిగినట్టు. లిఫ్ట్ మీదకెక్కించి కింది కవర్లన్నీ తీయించాక కుడి వెనక డ్యాంపర్ తడిగా కనిపించింది. మ్యాగ్నెటిక్ రైడ్ డ్యాంపర్లలో ఇనప రేణువులు కలిపిన ద్రవం ఉంటుంది, సీలు అరిగితే కారుతుంది. ఈ కారుకి ఇదీ తెలిసిన ఖర్చే.

నడిపినప్పుడు 5,500 దాటాక కారు అలసటగా లాగింది. ఎర్రర్ కోడ్లేవీ లేవు. కారణం ఊహించదగ్గదే. ఈ ఇంజిన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది, ఇన్‌టేక్ వాల్వుల మీద పెట్రోలు పడదు కాబట్టి కడిగేవాళ్లుండరు. క్రాంక్‌కేస్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి వాటి మీద కాలి బొగ్గులా పేరుకుంటుంది. చిన్న కెమెరా ఇన్‌టేక్ దారిలో పెట్టి చూస్తే వాల్వు కాడ చుట్టూ నల్లటి గడ్డ. పెట్రోల్‌లో కలిపే క్లీనర్లు దీనికి పనికిరావు, అవి వాల్వు దాకా చేరవు. లీక్‌డౌన్ పరీక్షలో (సిలిండర్‌లోకి గాలి కొట్టి ఎంత శాతం కారిపోతోందో చూడడం) ఎనిమిది సిలిండర్లూ పది శాతం లోపే, ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయి. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఏడు బావుండి ఒకటి మాత్రం ఇరవై దాటితే కథ వేరుగా ఉండేది.

టైర్లకి గాడులు నిండుగా ఉన్నాయి, పక్కగోడ మీద డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూస్తే ముందువాటికి ఏడేళ్లు దాటాయి. ఆ నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం: 2316 అంటే 2016లో 23వ వారం. వారాంతపు కార్ల టైర్లు అరిగి కాదు, గట్టిపడి పాడవుతాయి. వెనకవి మాత్రం కొత్తవి. ఆల్ వీల్ డ్రైవ్ కారులో ముందు, వెనక టైర్ల చుట్టుకొలతల తేడా ఉండాల్సినదానికంటే పెరిగితే ముందు చక్రాలకి శక్తి పంచే విస్కస్ కప్లింగ్ ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, వేడెక్కి చస్తుంది.

తాళాలు తీసుకునే ముందు చేయించినవి

ఈ పనులన్నీ బేరంలో పెట్టాం. వెనక డ్యాంపర్లు రెండూ కలిపి మార్పు. ఒక్కటే మారిస్తే ఎడమ, కుడి మలుపుల్లో కారు రెండు రకాలుగా ఉంటుంది. మామూలు కాయిలోవర్లు (స్ప్రింగు, డ్యాంపర్ కలిసిన సెట్లు) వేస్తే చవకే, కానీ డ్యాష్‌బోర్డులో హెచ్చరిక రాకుండా కంట్రోల్ యూనిట్‌లో కోడింగ్ మార్చాలి, కంఫర్ట్ బటన్ పోతుంది. ఈయన ఒరిజినల్‌వే అడిగారు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి వాల్నట్ పెంకుల పొడితో బ్లాస్టింగ్. పొడి కొట్టే సిలిండర్ వాల్వు పూర్తిగా మూసుకుని ఉండాలి, ఒక్కో సిలిండర్‌కీ క్రాంక్‌ని చేత్తో తిప్పి సరిచూసుకోవాలి. తొందరలో ఇది మర్చిపోతే పొడి లోపలికెళ్తుంది. నాలుగు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే మోడల్. బ్రేక్ ఫ్లూయిడ్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిళ్లు. ఆఖర్న అలైన్‌మెంట్, అదీ డ్రైవర్ బరువంత సీట్లో పెట్టి. డ్యాంపర్లకి ముందు అలైన్‌మెంట్ చేస్తే డబ్బు దండగ.

బ్లాస్టింగ్ తర్వాత 5,500 పైన లాగుడు తిరిగొచ్చింది. పాత, కొత్త తేడా వినడానికి మీటరు అక్కర్లేదు.

బ్రేక్ డిస్కులు మామూలు ఇనపవే. కార్బన్ సిరామిక్ ఉన్న కారు అయితే మందంతో పని కాదు, విప్పి తూకం వేసి డిస్కు మీద అచ్చేసిన కనీస బరువుతో పోల్చాలి, అంచుల్లో పెచ్చులు ఊడాయేమో చూడాలి. వారాంతపు రోడ్డుకి ఇనపవి చాలు, మార్చేటప్పుడు గుండె ఆగదు.

వాడకం పద్ధతి

అయిదు రోజులు కదలకుండా నిలబడే కారుకి మొదటి శత్రువు బ్యాటరీ. అలారం, కంట్రోల్ యూనిట్లు నిద్రలోనూ కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. ఏజీఎం (ద్రవాన్ని గాజు నూలు పలకల్లో పీల్చి ఉంచే రకం) బ్యాటరీకి తగిన మోడ్ ఉన్న మెయింటెనర్ చార్జర్ గ్యారేజీలో ఎప్పుడూ తగిలించి ఉండాలి. వోల్టేజి బాగా పడిపోతే స్టార్ట్ అవడానికి ముందే వింత వింత ఎర్రర్లు మొదలవుతాయి, వాటిని వెతుక్కుంటూ వర్క్‌షాప్‌కి వెళ్తే వృథా ఖర్చు.

స్టార్ట్ చేసి గ్యారేజీలో వేడి చేయడం వద్దు. కూలెంట్ ముల్లు ముందు లేస్తుంది, ఆయిల్ ఇంకా చల్లగానే ఉంటుంది. ఆయిల్ టెంపరేచర్ 80 డిగ్రీలు చూపించేదాకా 3,500 దాటించకుండా నడపాలి, మామూలుగా పదిహేను, ఇరవై నిమిషాలు. అందుకే పది నిమిషాల కాఫీ ట్రిప్పులు ఈ కార్లకి విషం: ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరయ్యే లోపే ఇంజిన్ ఆపేస్తారు. ఆయిల్ లెవెల్ హ్యాండ్‌బుక్ చెప్పిన విధంగా వేడి ఇంజిన్ మీదే చూడాలి. డ్రై సంప్‌లో చల్లగా చూసిన కొలత అబద్ధం చెబుతుంది, తక్కువుందని పోసేస్తే ఎక్కువైపోతుంది.

ఆయిల్, ఫిల్టర్ కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా ఏడాదికోసారి. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి. మొదటి సర్వీసులో తీసిన పాత ఆయిల్‌లోంచి చిన్న సీసా ల్యాబుకి పంపాలని రాసిచ్చాం. బేరింగ్ లోహం, పెట్రోలు, సిలికాన్ అంకెలు ఒక్కసారికి పెద్దగా ఏమీ చెప్పవు, రెండో ఏడాది అంకెలతో పక్కన పెట్టి చూస్తేనే అర్థం వస్తుంది. క్లచ్ మాత్రం ఫ్యాక్టరీదే, ఇంకా మార్చలేదు. నాలుగో గేరు పరీక్ష ఆర్నెల్లకోసారి ఆయనే చేసుకుంటారు. ముల్లు మొదటిసారి దూకిన రోజున గేర్‌బాక్స్ దించాలి. దించినప్పుడు రిలీజ్ బేరింగ్, ఫ్లైవీల్, వెనక క్రాంక్ సీలు కలిపే చూడాలి. మళ్లీ అదే పెట్టె దించాలంటే కూలీ బరువు.